20వ తేదీ దాటాక మొదలుపెట్టండి

ప్రశ్న: నా వయసు 32. గుంటూరు కొరిటెపాడులో ఉంటాం. విజయవాడ గవర్నరుపేటలో ఒక హోల్‌సేల్ వ్యాపార సంస్థలో ఏడేళ్లుగా అకౌంటెంటును. జీతం 31 వేలు. బీకాంతో ఇంతకు మించి పైకి వెళ్లలేనని సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్) కోర్సులో చేరాను. ఆ కోర్సులోని ఇంటర్ పరీక్ష రెండు గ్రూపులూ కలిపి కిందటి డిసెంబరులో ఒకసారి, ఈ జూన్‌లో మరోసారి రాశాను. రెండుసార్లూ తప్పాను. జూన్‌లో మొదటి గ్రూపు మార్కులు: చట్టాలు 46, ఫైనాన్షియల్ అకౌంటింగ్ 57, పన్నులు 38, కాస్ట్ అకౌంటింగ్ 49. రెండో గ్రూపులో నాలుగు పేపర్లూ 41 నుంచి 44 మధ్యలోనే, మొత్తం 170. రోజూ ఆఫీసులో చేసేది పన్నుల పనే. అందులోనే తప్పానంటే చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

నా దినచర్య ఇది. ఉదయం 4.30 నుంచి 6.30 వరకు చదువు. తరువాత స్నానం, టిఫిన్, బాక్సు. 8 గంటలకు బస్సు. 9.30 నుంచి రాత్రి 7 వరకు ఆఫీసు. ఇల్లు చేరేసరికి 8.30. భోజనం చేసి 9.30 నుంచి 11.30 వరకు మళ్లీ చదువు. ప్రతి నెలా ఒకటో తేదీన గట్టిగా మొదలుపెడతాను. తొమ్మిదో తేదీకో పదో తేదీకో ఆగిపోతుంది. ఇక ఆ నెలంతా పుస్తకం ముట్టబుద్ధి కాదు. మా ఆవిడ బాగా సహకరిస్తుంది. నాలుగేళ్ల పాప ఉంది. చదువుతున్నానని ఆఫీసులో చెప్పలేదు, మానేస్తానని అనుకుంటారేమోనని భయం. పుస్తకాలు స్నేహితుడు చదివి ఇచ్చినవే. ఉద్యోగం మానేసి ఆరు నెలలు ఇంట్లో కూర్చుని చదివితే ఎలా ఉంటుంది? ఆన్‌లైన్ క్లాసులకు 22 వేలు అడుగుతున్నారు, చేరమంటారా? రోజుకు నాలుగు గంటలు చదివేలా ఒక మంచి టైమ్‌టేబుల్ వేసి ఇవ్వగలరని ప్రార్థన.

— పేరు వేయవద్దన్న పాఠకుడు, గుంటూరు

సమాధానం: మీరు అడిగిన టైమ్‌టేబుల్ నేను వేయను. ఒకటి మీ దగ్గర ఇప్పటికే ఉంది, కాగితం మీద చూస్తే దానికి వంక పెట్టలేం. రోజుకు నాలుగు గంటలు, నెలకు 120 గంటలు. అది సాగాలంటే మీకు ఆఫీసైనా లేకుండా ఉండాలి, ఉన్న ఆఫీసులో అన్ని రోజులైనా ఒకేలా ఉండాలి. అకౌంటెంటుకు ఏ రెండు వారాలూ ఒకేలా ఉండవని నాకంటే మీకే బాగా తెలుసు. తెలిసి కూడా పదో తరగతి పిల్లవాడి టైమ్‌టేబుల్ వేసుకున్నారు.

ఒకటో తేదీన మొదలై పదో తేదీకి ఆగిపోతుందన్నారు. దాన్ని మీరు బద్ధకం కింద జమ కట్టుకున్నట్టున్నారు. గోడమీది క్యాలెండరు దించి, ఆఫీసు గడువులు దాని మీద గుర్తు పెట్టండి. 7న టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే పట్టుకున్న పన్ను) కట్టాలి. 11న జీఎస్టీఆర్-1 అనే అమ్మకాల రిటర్ను. అంటే నెల మొదటి పది రోజులూ కిందటి నెల అమ్మకాల బిల్లులు సరిచూడటం, క్రెడిట్ నోట్లు వెతకడం, తప్పు పడిన జీఎస్టీ నంబర్లు దిద్దడం. 14న 2బీ వస్తుంది, సరఫరాదారులు ఎక్కించిన బిల్లుల పట్టిక అది. అక్కడి నుంచి ఎవరు బిల్లు ఎక్కించలేదో, కొనుగోళ్ల మీద కట్టిన పన్నుకు మనకు రావలసిన క్రెడిట్ ఎక్కడ ఆగిందో చూసుకుంటూ సరఫరాదారులకు ఫోన్లు. మధ్యలో 15న పీఎఫ్, ఈఎస్ఐ. 20న నెల పన్ను లెక్క తేల్చే 3బీ రిటర్ను వేసి ఊపిరి పీల్చుకుంటారు. ఇంత పని మీద పడబోయే ముహూర్తం చూసుకుని మరీ మీరు చదువు మొదలుపెడుతున్నారు. తొమ్మిది రోజులు సాగడమే గొప్ప.

21న మొదలుపెట్టండి. 21 నుంచి నెలాఖరు వరకు ఉన్న పదీ పదకొండు రోజులే మీ చదువుకు అసలైన రోజులు. ఆ రోజుల్లో ఉదయం రెండు గంటలు కూర్చోండి, కొత్త అధ్యాయాలు, బుర్ర పెట్టి చేయవలసిన లెక్కలు అన్నీ అప్పుడే. ఒకటి నుంచి 11 వరకు గంట చాలు, అదీ నెలాఖరులో చేసిన లెక్కల్ని మళ్లీ చేయడానికి. 12, 13 తేదీల్లో కాస్త ఖాళీ దొరికితే అది లాభం. 14 నుంచి 20 దాకా ఇంట్లో పుస్తకం తెరవకండి, నిద్రపోండి. ప్రయాణంలో చదివిందే ఆ వారం చదువు. చదవని వారం ఒకటి ఉంటుందని ముందే రాసి పెట్టుకుంటే, ఆ వారంలో చదవలేకపోయినందుకు మిగతా నెలను వదులుకునే పని ఉండదు. మీ విషయంలో నష్టం చేసినవి చదవని ఏడెనిమిది రోజులు కావు, ఆ దిగులుతో మీరు విడిచిపెట్టిన నెలాఖరులు.

ఇక మార్కుల సంగతి. మీరు వాటిని చూసి సిగ్గుపడ్డారు కానీ లెక్క కట్టలేదు. గ్రూపు పాసవ్వాలంటే ప్రతి పేపరులో 40, నాలుగూ కలిపి 200 రావాలి. మొదటి గ్రూపులో మీకు వచ్చింది 190. పన్నుల పేపరులో 38 బదులు 48 వచ్చి ఉంటే ఆ 40 దాటేది, ఈ 200 కూడా నిండేది. పది మార్కుల దూరంలో ఆగిన మనిషి ఉద్యోగం మానేయాలా అని అడుగుతున్నారు. రెండో గ్రూపు కథ వేరు. అక్కడ ఒక్క పేపరూ తప్పలేదు, అయినా గ్రూపు 30 మార్కులతో పోయింది. నాలుగు పేపర్లనూ గట్టెక్కేంత వరకే చదివారని అర్థం, దేన్నీ మంచి మార్కులు వచ్చేంత చదవలేదు.

రెండు గ్రూపులూ కలిపి రాస్తే ఒకదాని మార్కులు రెండోదానికి ఆదుకుంటాయని ఎవరో చెప్పి ఉంటారు. నిజమే, ప్రతి పేపరులోనూ 40 వచ్చి, ఎనిమిదీ కలిపి 400 దాటితే రెండూ పాసైనట్టే. ఆ నిబంధన ఒక గ్రూపులో మార్కులు మిగిలినవాళ్లకు పనికొస్తుంది. మీకు రెండు వైపులా కొరతే, ఏది దేన్ని ఆదుకోవాలి? డిసెంబరులో మొదటి గ్రూపు ఒక్కటే రాయండి. రెండోది జూన్‌కు.

ఇలా చెబితే ఆరు నెలలు వృథా అంటారు. ఉన్న గంటలు ఎన్నో చూద్దాం. పరీక్షలు సాధారణంగా డిసెంబరు రెండో వారంలో మొదలవుతాయి. ఈ సమాధానం మీరు చదివేసరికి సెప్టెంబరు సగం దాటుతుంది. ట్యాక్స్ ఆడిట్ గడువు సెప్టెంబరు 30, కాబట్టి ఈ ఒక్క నెలాఖరు మీది కాదు, ఆడిటరు గారిది. మిగిలినవి అక్టోబరు, నవంబరు నెలాఖరులు, గంట చొప్పున దొరికే పొద్దులు, రైల్లో ముప్పావు గంటలు (బస్సు ఎందుకు మానాలో కింద చెబుతాను), ఆదివారాలు, పరీక్ష ముందు పెట్టే సెలవు. అన్నీ ఉదారంగా కూడితే 200 గంటలకు కాస్త పైన వస్తుంది. దసరా, కార్తీకంలో తప్పనిసరి పెళ్లిళ్లు, పాపకు ఒక జ్వరం, మీకు ఒకటి తీసేస్తే 180. నాలుగు పేపర్లకు పంచితే పేపరుకు 45 గంటలు. ఒకసారి రాసి, పాసుకు దగ్గరగా వచ్చినవాడికి 45 గంటలు మంచి సమయం. అదే ఎనిమిది పేపర్లకు పంచితే 22 గంటలు. మీరు రెండుసార్లు చేసిన పొరపాటు అదే, ఉన్న కాస్తనూ ఎనిమిది చోట్ల చల్లారు.

ఆ 180ని కూడా పేపరుకు 45 అని సమానంగా పంచకండి. ఫైనాన్షియల్ అకౌంటింగ్‌లో 57 ఉన్నాయి. ఇంకో మూడు వస్తే 60. ఒక పేపరులో 60 వస్తే, ఒకవేళ గ్రూపు తప్పినా ఆ పేపరు మళ్లీ రాయనక్కర లేకుండా మినహాయింపు దొరుకుతుంది. దానికి 30 గంటలు చాలు, మీకు చేయి తిరిగిన విషయం. అక్కడ మిగిలిన 15 గంటలు పన్నులకు ఇవ్వండి.

పన్నుల పేపరు దగ్గర కొంచెం ఆగాలి. రోజూ చేసే పనిలోనే తప్పానని బాధపడ్డారు. రోజూ చేయడం వల్లే తప్పారని నా అనుమానం. ఆఫీసులో రేటు ఐటం మాస్టరులో (కంప్యూటరులోని సరుకుల జాబితాలో) ఉంటుంది, పన్ను ట్యాలీ సాఫ్ట్‌వేరు వేస్తుంది, రివర్స్ ఛార్జి (అమ్మినవారికి బదులు కొన్నవారే పన్ను కట్టడం) వచ్చే ఖర్చులు ఏవో ఏడేళ్ల కింద ఎవరో చెప్పగా గుర్తున్నాయి. ఏది ఎక్కడ నొక్కాలో మీకు తెలుసు. పరీక్షలో ఆ బొత్తాములు ఉండవు. సరఫరా ఎప్పుడు జరిగినట్టు, ఎక్కడ జరిగినట్టు, దాని విలువలో రవాణా ఖర్చు కలుస్తుందా లేదా, క్రెడిట్ ఎందుకు రాదు అని అడుగుతారు. జవాబుకు కారణం కూడా రాయాలి. పైగా ఆ పేపరులో సగం ప్రత్యక్ష పన్నులు. జీతం, ఇంటి అద్దె, మూలధన లాభాలు అని విడదీసి ఒక వ్యక్తి ఆదాయం చేత్తో లెక్కకట్టే అవసరం మీ ఆఫీసులో ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది? ఈ పేపరు నాకు వచ్చినదే కదా అని చివరకు వదిలేసి ఉంటారు. ఇకమీదట మొదట చదవండి.

ఆఫీసు పనిని కూడా కాస్త చదువులోకి మళ్లించుకోవచ్చు. 2బీ సరిపోల్చేటప్పుడు క్రెడిట్ ఆగిన బిల్లు ఒకటి కనిపిస్తే, ఏ నిబంధన వల్ల ఆగిందో ఆ రోజు రైల్లో పుస్తకం తీసి చూడండి. అలా పట్టుకున్న సెక్షను మరిచిపోవడం కష్టం, ఎందుకంటే దానికి ఒక సరఫరాదారు పేరు, ఒక మొత్తం, ఒక తగాదా అంటుకుని ఉంటాయి.

స్నేహితుడి పాత పుస్తకాల విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. అకౌంటింగ్, కాస్టింగ్ లెక్కలకు పాత పుస్తకం ఫరవాలేదు, సిలబస్ అదేనా అని చూసుకుంటే చాలు. పన్నులకు పనికిరాదు. జీఎస్టీ రేట్లు 2025 సెప్టెంబరు 22 నుంచి మారాయి. ఆ వారం మీ ఆఫీసులో ఐటం మాస్టర్లన్నీ దిద్దింది మీరే అయి ఉంటారు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, సెక్షన్ల అంకెలే మారిపోయాయి. ఏ పరీక్షకు ఏ చట్టం, ఏ ఫైనాన్స్ యాక్ట్ వర్తిస్తుందో సీఎంఏ పరీక్షలు పెట్టే ఇన్‌స్టిట్యూట్ ముందే ప్రకటిస్తుంది. ఆ ప్రకటన చూసి, దానికి సరిపోయే స్టడీ మెటీరియల్ ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైటు నుంచే దించుకుని ప్రింటు తీయించుకోండి. అయ్యే ఖర్చు ఒక పరీక్ష ఫీజు కంటే ఎక్కువ ఉండదు. ఆ 38లో పాత పుస్తకం వాటా ఎంతో తెలియదు కానీ, సున్నా మాత్రం కాదు.

బస్సు మానండి, రైలెక్కండి. గుంటూరు, విజయవాడ మధ్య బస్సులకు కొదవ లేదు, ఏ నిమిషానికి వెళ్లినా ఒకటి ఉంటుంది, అందుకే మీరు దానికి అలవాటు పడ్డారు. కానీ కాజ టోల్‌గేటు దాటి మంగళగిరి, తాడేపల్లి మీదుగా వారధి ఎక్కేలోపు ఆ కుదుపుల్లో పుస్తకం చదివితే కళ్లు తిరుగుతాయి. రైలుకు వేళ కుదుర్చుకోవాలి, అది ఒక్కటే ఇబ్బంది. సీజన్ టికెట్ తీసుకుంటే బస్సు ఖర్చులో చాలా భాగం మిగులుతుంది కూడా. స్టేషను నుంచి గవర్నరుపేటకు నడిచినా పెద్ద దూరం కాదు. ఎక్కిన దగ్గర నుంచి మంగళగిరి వరకు చదవండి. అక్కడ పుస్తకం మూసేసి, చదివినదాన్ని కృష్ణా కెనాల్ వచ్చేలోపు మనసులో మీకు మీరే అప్పజెప్పుకోండి. ఎక్కడ తడబడ్డారో అదే సాయంత్రానికి పాఠం. రైల్లో లెక్కలు పెట్టుకోకండి, ఒళ్లో పుస్తకం, దాని మీద కాగితం, పక్కవాళ్ల మోచేయి, అది అయ్యే పని కాదు. చట్టాల పేపరుకు రైలు సరిగ్గా సరిపోతుంది. 1872 కాంట్రాక్టు చట్టం, 1930 వస్తు విక్రయ చట్టం, 1881 నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, ఇవన్నీ చిన్న చిన్న ముక్కలుగా చదివి మళ్లీ మళ్లీ నెమరేసుకోవలసినవి.

సాయంత్రం బండిలో చదవమని చెప్పను. తొమ్మిది గంటల పైన అంకెలు చూసిన కళ్లు. సెక్షన్లను మీ గొంతుతోనే ఫోనులో రికార్డు చేసి పెట్టుకుని, రైలు ఔటర్‌లో నిలబడిపోయినప్పుడు వినండి. వినాలనిపించకపోతే కిటికీలోంచి చూస్తూ కూర్చోండి, తప్పేమీ లేదు.

రాత్రి 9.30 నుంచి 11.30 అనే వరుసను ఈ రోజే కొట్టేయండి. 11.30కి పడుకుని 4.30కి లేస్తే ఐదు గంటల నిద్ర. నాలుగు రోజులు నడుస్తుంది, ఐదో రోజు జీఎస్టీఆర్-1లో ఒక సున్నా ఎక్కువ పడుతుంది. రాత్రి చదివిన పేజీలో ఉదయానికి ఎంత మిగిలిందో ఒకసారి నిజాయితీగా చూసుకోండి. పదింటికల్లా పడుకోండి. పొద్దున లేచే అలవాటు మీకు ఉంది, అదే మీ ఆస్తి. మన ఊళ్లో వేసవే కాదు, సెప్టెంబరు రాత్రి కూడా ఉక్కపోతే. తెల్లవారుజామున ఉండే ఆ కాస్త చల్లదనం లెక్కలకు పనికొస్తుంది.

పొద్దుటి రెండు గంటల్లో ఇంకో పని కూడా ఉంది. మీరు రోజంతా కీబోర్డు మీద ఉంటారు. పెన్ను పట్టేది చెక్కుల మీద సంతకాలు చేయించేటప్పుడే. పరీక్షలో మూడు గంటలు ఆగకుండా చేత్తో రాయాలి, గడులు గీయాలి, కాలిక్యులేటరు పక్కన పెట్టుకుని కింద వర్కింగ్ నోట్సు చూపాలి. కాస్ట్ అకౌంటింగ్‌లో 49 దగ్గర ఆగిన వాళ్లు చాలామంది లెక్క రాక ఆగరు, ఆఖరి లెక్కకు సమయం చాలక ఆగుతారు. అక్టోబరు నుంచి నెలకు రెండు ఆదివారాలు గడియారం ముందు పెట్టుకుని ఒక పాత ప్రశ్నపత్రం పూర్తిగా చేత్తో రాయండి. మొదటిసారి వేళ్లు నొప్పి పుడతాయి. ఆ నొప్పి డిసెంబరులో పుట్టడం కంటే అక్టోబరులో పుట్టడం మేలు.

ఆదివారం ఇంట్లో చదవడం మీకు కుదరదని నా అభిప్రాయం. నాన్న ఇంట్లో ఉంటే గది తలుపు మూసుకుని కూర్చోవడం నాలుగేళ్ల పాపకు అర్థం కాదు, అర్థం కానక్కర లేదు కూడా. బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయం ఉంది. బ్రాడీపేట, అరండల్‌పేట వైపు పోటీ పరీక్షల పిల్లల కోసం నెలకు ఇంత అని తీసుకునే రీడింగ్ రూములు ఉంటాయి. ఆదివారం వేళలు ఒకసారి వెళ్లి కనుక్కోండి. పొద్దున్నే వెళ్లి నాలుగు గంటలు చదివి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రండి. ఆ తరువాత ఆ రోజు పుస్తకం కనిపించకూడదు.

ఇక ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో తేల్చేసిన విషయం. మా ఆవిడ బాగా సహకరిస్తుంది అన్నారు. మీ టైమ్‌టేబుల్‌ను నేను రెండుసార్లు చదివాను. 6.30కి మీరు పుస్తకం మూసేసరికి టిఫిన్, బాక్సు సిద్ధంగా ఉన్నాయి. రాత్రి 8.30కి భోజనం సిద్ధంగా ఉంది. పాప లేవడం, బడికి వెళ్లడం, జ్వరం, హోంవర్కు, అసలు పాప అన్న మాటే ఆ దినచర్యలో ఎక్కడా లేదు. మీరు అకౌంటెంటు కదా, ఇంత ఖర్చు ఏ పద్దులోనూ రాయకుండా పుస్తకాలు ముగిస్తే ఆడిటరు ఏమంటాడో మీకు చెప్పాలా?

ఆమెకు ఇప్పటికి రెండుసార్లు “ఇంకో ఆరు నెలలు” అని చెప్పి ఉంటారు. ఇప్పుడు మూడోసారి చెప్పబోతున్నారు. ఈసారి ఆరు నెలలు అనకండి. క్యాలెండరు మీద గుర్తులు పెట్టేటప్పుడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ రోజుల్లో మీరు దొరకరో, ఏ రోజుల్లో దొరుకుతారో ఆమెకు కనిపించాలి. 14 నుంచి 20 వరకు ఇంట్లో చదవరు కదా, ఆ వారం పొద్దున పాపను లేపి తయారు చేసే పని మీది. ఆదివారం మధ్యాహ్నం నుంచి పాప మీతోనే, ఆ పూట ఆమె పుట్టింటికి వెళ్తుందో, నిద్రపోతుందో, ఊరికే కూర్చుంటుందో ఆమె ఇష్టం. రాత్రి చదువు తీసేశాం కాబట్టి 8.30 నుంచి పది వరకు మీరు ఇంట్లో ఉన్న మనిషిలా ఉండవచ్చు. మీరు అనుకున్న తేదీల్లో ఆమెకు ఏది కష్టమో అడిగి, ఆ ఒక్కటి మార్చండి. డిసెంబరు పరీక్ష అయ్యాక సంక్రాంతి దాకా పుస్తకం తెరవరని కూడా మాట ఇవ్వండి. ఎలాగూ జనవరిలో మొదటి ఇరవై రోజులు మీకు కుదిరేది లేదు.

ఆఫీసులో చెప్పేయండి. దాచడం వల్ల మీకు జరుగుతున్న నష్టం పెద్దది. పరీక్షలు డిసెంబరు రెండో వారంలో అంటే 11నాటి జీఎస్టీఆర్-1, 15నాటి అడ్వాన్స్ ట్యాక్స్ వాటి మధ్యలో పడతాయి. కారణం చెప్పకుండా సరిగ్గా ఆ వారం సెలవు అడిగితే ఏ యజమానికైనా కోపం వస్తుంది. కిందటి డిసెంబరులో ఏ వంక చెప్పారో గానీ, ఏటా అదే వంక పనిచేయదు. ఈ సెప్టెంబరు 30 దాటాక, ఆడిట్ పూర్తయి ఆయన మనసు కుదుటపడిన రోజు చూసి చెప్పండి. ముందు మీ సెలవు సంగతి ఎత్తకండి, పని సంగతితో మొదలుపెట్టండి. డిసెంబరు 7నాటి టీడీఎస్ ముందే కట్టేసి వెళ్తానని, జీఎస్టీఆర్-1 పని జూనియరుకు అక్టోబరు, నవంబరు నెలల్లో తన చేత్తోనే చేయించి నేర్పుతానని, 20నాటి 3బీకి తిరిగి వస్తానని చెప్పండి. ఆ తరువాత ఎనిమిది రోజుల సెలవు అడగండి. ఏడేళ్లుగా ఉన్న అకౌంటెంటు చదువుకుంటున్నాడని తెలిస్తే ఎక్కువమంది యజమానులు మొదట అనుమానపడతారు, నాలుగు రోజుల తరువాత తమ దగ్గర సీఎంఏ చదివే మనిషి ఉన్నాడని నలుగురికీ చెప్పుకుంటారు. జూనియరుకు పని నేర్పితే నా అవసరం తీరిపోతుందనే భయం ఉంటే పక్కన పెట్టండి. రేపు మీరు కోరుకునే పై ఉద్యోగంలో కింది వాళ్ల చేత పని చేయించడమే సగం పని.

గడువుల గురించి మరొకటి. పన్నుల పనిలో ఉన్నవాళ్లకు చివరి రోజున గడువు పొడిగిస్తారేమో అని ఎదురుచూసే గుణం అబ్బుతుంది. పరీక్ష దరఖాస్తును అలా ఆఖరి తేదీకి వదలకండి. గ్రూపు ఒకటే అని నిర్ణయించుకున్న రోజునే ఫీజు కట్టేయండి. కట్టాక రెండో గ్రూపు మీదికి మనసు పోదు.

ఉద్యోగం మానడం గురించి అడిగారు. వద్దు. 31 వేల జీతం ఆగిపోయిన ఇంట్లో మొదటి నెల చదువు సాగుతుంది, రెండో నెల నుంచి డబ్బు లెక్కలే సాగుతాయి. పైగా మీకు తక్కువైంది 10 మార్కులు, అవి ఎక్కడ పోయాయో కూడా తెలిసింది. మొదటి గ్రూపు చేతిలో పడ్డాక, బయట ఇంకాస్త మంచి వేళలున్న ఉద్యోగం వెతుక్కోవడం వేరే మాట. రాత్రి 7 వరకు కూర్చోబెట్టే చోటును జీవితాంతం భరించమని నేను చెప్పడం లేదు.

జూన్ సంగతి ఇప్పుడే ఎక్కువ ఆలోచించకండి. ఏప్రిల్‌లో ఖాతాల ముగింపు, మే 31న టీడీఎస్ రిటర్ను, దానికి తోడు గుంటూరు ఎండ. రెండో గ్రూపులో ఎక్కువ భాగం ఫిబ్రవరి, మార్చి నెలాఖరుల్లోనే పూర్తి చేయాలని మాత్రం గుర్తుంచుకోండి.

క్లాసులకు 22 వేలు కట్టకండి. అది ఎనిమిది పేపర్లకూ కలిపి అడుగుతున్న ధర అనుకుంటాను. మీకు అవసరమైనది పన్నుల పేపరుకు, అందులోనూ ప్రత్యక్ష పన్నుల సగానికి. ఆ ఒక్క పేపరు విడిగా ఇస్తారేమో అడగండి. ఇస్తే, ఈ పరీక్షకు వర్తించే చట్టం మీద చెప్పిన కొత్త రికార్డింగులా, కిందటి ఏటివా అన్నది కట్టకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. కిందటి ఏటివైతే ఉచితంగా ఇచ్చినా వద్దు.